బొమ్మలు దింపుకొనుట, దాచుకొనుట, వెదకుకొనుట

ఫిల్ము కెమెరాల కాలమున ఒక చుట్టకు 36 బొమ్మలు పట్టెడివి. ఆ ముప్పదియారును పూర్తి చేయుటకు కొన్ని ఇండ్లలో సంవత్సరము పట్టెడిది. వివాహమునకో, అక్షరాభ్యాసమునకో స్టూడియోకు పోయి తీయించుకొన్న బొమ్మ చట్రములో చేరి గోడ కెక్కెడిది. నెగటివు మాత్రము సాధారణముగా స్టూడియో యజమాని యొద్దనే నిలిచెడిది. గోడమీది బొమ్మకు చెమ్మ తగిలినను, చెదలు పట్టినను, మరల అచ్చు వేయించుకొనుటకు ఆ నెగటివు ఆధారమయ్యెడిది. ఇది ఎవరును ఆలోచించి చేసిన ఏర్పాటు కాదు. అయినను ఇంటిలో ఒక ప్రతి, ఊరిలో వేరొక చోట దాని మూలము ఉండుట గొప్ప రక్షణ. ఈనాడు ఒక్క పెండ్లిలో సెల్లు ఫోనుతో వేయి బొమ్మలు తీయుచున్నాము. ఆ వేయియు చాలమందికి ఆ ఒక్క ఫోనులోనే ఉన్నవి. అది బస్సులో జారిపోయిన నాడు వేయియు ఒక్కసారిగా పోవును.

ఈ ప్రసంగమున మేము చెప్పదలచినది కెమెరాల పనితనమును గూర్చి కాదు. తీసిన బొమ్మలను కంప్యూటరులోనికి దింపుకొనుటకును, వానికి మారు ప్రతులు ఉంచుకొనుటకును, కావలసినప్పుడు వెదకి తీసికొనుటకును ఉపయోగపడు సాఫ్టువేరులను గూర్చి. ఇట్టివి అనేకము లభించుచున్నవి. కొన్ని వెల గలవి, కొన్ని ఉచితములు. ఏది మంచిదని అడుగువారికి మేము ఒక పేరు చెప్పి ఊరకుండవచ్చును. కాని ఆ సాఫ్టువేరు మూతపడిన నాడు వారు మరల మొదటికి రావలసియుండును. ఇట్టివి మూతపడుట అరుదు కాదు. ఆ కథయు ముందు చెప్పెదము. కావున పేర్లకంటె ముందుగా అవి చేయవలసిన పనులను తెలిసికొనుట మేలు.

డిజిటల్ బొమ్మ చరిత్ర సుదీర్ఘమైనది కాదు. 1975లో అమెరికాలోని కోడాక్ సంస్థలో స్టీవెన్ శాసన్ అను ఇంజనీరు తొలి డిజిటల్ కెమెరాను కూర్చెను. దాని బరువు మూడున్నర కిలోలకు పైబడినది. ఒక్క బొమ్మను క్యాసెట్టు టేపుపై నమోదు చేయుటకు దానికి 23 సెకండ్లు పట్టెడిది; ఆ బొమ్మలోని చుక్కలు పదివేలు. నేడు సాధారణమైన ఫోను తీయు బొమ్మలో కోటి ఇరువది లక్షల చుక్కలుండును. 1992లో స్థిరపడిన జేపెగ్ అను పద్ధతి ననుసరించి అవియన్నియు అణగి మూడు నాలుగు మెగాబైట్ల ఫైలుగా నిలువయగును. అయితే మన ప్రస్తుత విషయమునకు ముఖ్యమైనవి ఆ చుక్కలు కావు. వానితోపాటు ఆ ఫైలులోనే కెమెరా వ్రాసిపెట్టు చిన్న చీటి ముఖ్యము.

ఈ చీటికి 1995లో జపానులోని ఎలక్ట్రానిక్ పరిశ్రమాభివృద్ధి సంఘము ఎగ్జిఫ్ అను పేరుతో ఒక ప్రమాణమును ఏర్పరచెను. బొమ్మ తీసిన తేదీ, గంట, నిమిషము, సెకండు, కెమెరా పేరు, కటకము ఎంత తెరచుకొన్నది, ఎంతసేపు తెరచుకొన్నది మొదలగునవి యన్నియు అందు నుండును. ఫోనులో అనుమతి ఇచ్చియున్నచో ఆ చోటు యొక్క అక్షాంశ రేఖాంశములు కూడ చేరును. పాత బొమ్మ వెనుక స్టూడియోవారు వేసెడి ముద్ర వంటిదే ఇది. కాకున్న కంటికి కనబడదు. సాఫ్టువేరులు బొమ్మలను తేదీల వారీగా సర్దగలుగుచున్నది ఈ చీటిని చదివియే. చీటి పోయినచో, లేదా అందలి తేదీ తప్పైనచో, ఎంత వెల పెట్టి కొన్న సాఫ్టువేరైనను చేయగలిగినది స్వల్పము.

ఫైలు పేరును బట్టి బొమ్మను గుర్తింపవచ్చునని కొందరు తలతురు. అది సరికాదు. 1998లో వచ్చిన మరియొక జపాను ప్రమాణము ప్రకారము కెమెరాలు కార్డుపై డీసీఐఎం అను ఫోల్డరు తెరచి, అందు నాలుగు అక్షరములు, నాలుగు అంకెలు గల పేర్లతో బొమ్మలను ఉంచును. లెక్క 0001 మొదలు 9999 వరకు సాగి, పిమ్మట మరల 0001కి వచ్చును. కొన్ని కెమెరాలలో క్రొత్త కార్డు వేసినప్పుడెల్ల లెక్క మొదటికి వచ్చు ఏర్పాటు కూడ కలదు. అనగా 2012లో మనుమరాలి అన్నప్రాశన నాటి బొమ్మకును, 2019లో తిరుపతి యాత్ర నాటి బొమ్మకును ఒకే పేరుండవచ్చును. రెండింటిని ఒకే ఫోల్డరులో చేర్చబోయినచో, ఈ పేరు గల ఫైలు ఇదివరకే యున్నది, దాని స్థానమున దీనిని ఉంచవలెనా అని కంప్యూటరు అడుగును. తొందరలో సరే యని నొక్కినవారికి యాత్ర మిగులును, అన్నప్రాశన పోవును.

దింపుకొను సాఫ్టువేరు చేయవలసిన మొదటి పని యిదియే. అది కార్డుమీది ప్రతి బొమ్మ యొక్క చీటిని చదివి, సంవత్సరము, నెల, దినము వారీగా ఫోల్డరులు తెరచి, బొమ్మ పేరును తీసిన తేదీతోను, సమయముతోను మార్చి ఉంచవలెను. 2019, 08, 15, ఆ పిమ్మట గంట నిమిషములు అను క్రమమున పేరున్నచో, ఏ కంప్యూటరులో చూచినను బొమ్మలు కాలక్రమమున నిలుచును. తేదీని దినము, నెల, సంవత్సరము అను మన వాడుక క్రమమున వ్రాసినచో ఈ సౌకర్యముండదు. ఒకటవ తారీఖులన్నియు ఒక చోట చేరును. రెండవ పని, ఇదివరకు దింపుకొన్న బొమ్మలను గుర్తించి వానిని విడిచి, క్రొత్తవానిని మాత్రమే తీసికొనుట. మూడవది, అన్నిటికంటె విలువైనది, కంప్యూటరులోనికి దింపుచున్న క్షణముననే వేరొక డిస్కుపై రెండవ ప్రతిని కూడ వ్రాయుట. ర్యాపిడ్ ఫోటో డౌన్‌లోడర్ అను ఉచిత సాఫ్టువేరు, లినక్సు కంప్యూటరులలో, ఈ మూడింటిని చేయును. లైట్‌రూమ్ వంటి వెల గలవానిలోను రెండవ ప్రతికి ఏర్పాటున్నది. దానిని వాడువారు మాత్రము మాకు కనబడినంతవరకు తక్కువ.

ఇచట ఒక హెచ్చరిక. కార్డుమీది బొమ్మలను కత్తిరించి అతికించుట యను పద్ధతిలో తరలింపరాదు. మధ్యలో కరెంటు పోయినను, తీగ కదలినను, కొన్ని బొమ్మలు ఇటు గాని అటు గాని కాకపోవచ్చును. ప్రతి తీసికొనవలెను. ఆ ప్రతిని తెరచి చూడవలెను. రెండవ ప్రతి వేరొక డిస్కుపై చేరిన పిమ్మటనే కార్డును శుభ్రము చేయవలెను. దింపిన పిదప కార్డుమీది బొమ్మలను తొలగింపవలెనా అని కొన్ని సాఫ్టువేరులు మర్యాదగా అడుగును. ఆ మర్యాదకు వద్దు అనియే సమాధానము చెప్పవలెను.

పొరపాటున కార్డును తుడిచివేసినవారు వెంటనే నిరాశ చెందనక్కరలేదు. కార్డుపై బొమ్మను తొలగించుట యనగా, పట్టికలో దాని పేరు కొట్టివేసి, ఆ స్థలము ఖాళీయని వ్రాసికొనుట మాత్రమే. దస్తరములో పేరు కొట్టివేసినంత మాత్రమున ఇల్లు కూలిపోదు గదా! ఆ స్థలముపై క్రొత్త బొమ్మ వ్రాయువరకు పాతది అచటనే యుండును. ఆ కార్డుతో మరి యొక్క బొమ్మయు తీయక, దానిని పక్కన పెట్టి, ఫోటోరెక్ వంటి ఉచిత సాఫ్టువేరుతో వెదకినచో పెక్కు బొమ్మలు తిరిగి దొరకవచ్చును. అయితే దొరికినవానికి పాత పేర్లుండవు. నేటి ఫోనుల లోపలి నిలువలో మాత్రము ఈ ఆశ దాదాపు లేదనియే చెప్పవలెను.

మన ఇండ్లలో బొమ్మలు చేతులు మారు ప్రధాన మార్గము వాట్సాప్. ఇది మిక్కిలి సౌకర్యమైనదే కాని దాచుకొనుటకు తగిన మార్గము కాదు. బొమ్మగా పంపినచో వాట్సాప్ దానిని కుదించును, చుక్కలు తగ్గును. అంతకంటె పెద్ద నష్టము, చీటి రాలిపోవును. అందుకొన్నవారి ఫోనులో దాని పేరున కనబడు తేదీ అది చేతులు మారిన నాటిది. తీసిన నాటిది కాదు. 2008లో గతించిన అత్తగారి బొమ్మను నిన్న ఎవరైన పంపినచో, సాఫ్టువేరు దానిని నిన్నటి ఫోల్డరులోనే, ఉదయపు శుభాకాంక్షల పూలగుత్తుల నడుమ చేర్చును. అసలు బొమ్మ కావలసినప్పుడు దానిని బొమ్మగా గాక డాక్యుమెంటుగా పంపుమని కోరవలెను. అప్పుడు ఫైలు ఉన్నదున్నట్లు చీటితో సహా వచ్చును. పెండ్లివారిండ్లలో బొమ్మలు పంచుకొనువేళ ఈ ఒక్క మాట చెప్పుకొన్నచో మేలు.

తేదీల తప్పులలో మరియొక రకము గడియారముల వలన కలుగునది. ఫోను గడియారమును నెట్టువర్కు సరిచేయుచుండును గాని కెమెరా గడియారమును యజమానియే సరిచేయవలెను. ఒక వివాహమునకు ఇద్దరు ఫోటోగ్రాఫర్లు, నలుగురు బంధువులు బొమ్మలు తీసినారనుకొనుడు. ఒకరి కెమెరా పండ్రెండు నిమిషములు వెనుకబడియున్నది. అందరి బొమ్మలను చేర్చి సాఫ్టువేరు వరుసపెట్టినచో, ఆ కెమెరాలోని తలంబ్రాలు మిగిలినవారి జీలకర్ర బెల్లమునకు ముందే వచ్చి కూర్చుండును. దీనికి ఉపాయము సులభము. ఆ కెమెరా బొమ్మలనన్నిటిని ఎన్నుకొని, కాలమును పండ్రెండు నిమిషములు ముందునకు జరుపవలెను. ఎగ్జిఫ్‌టూల్ అను ఉచిత సాధనము దీనిని ఒక్క ఆజ్ఞతో చేయును. డిజికామ్ వంటివానిలో దీనికి ప్రత్యేకముగ పలక యున్నది. అందరి కెమెరాలతోను ముందుగా ఒకే గోడ గడియారమును బొమ్మ తీసియుంచినచో ఎంత తేడా యున్నదో లెక్కింప నక్కరయే లేదు.

విదేశములందున్న తెలుగు కుటుంబములకు ఈ చిక్కు ఇంకను హెచ్చు. డాలస్ నగరమునకును మనకును శీతకాలమున పదకొండున్నర గంటలు, వేసవిలో పదిన్నర గంటలు అంతరము. అచటినుండి వచ్చిన కుమారుడు కెమెరా గడియారమును మార్చనిచో, ఇచట ఉదయము జరిగిన గృహప్రవేశము ఆ బొమ్మలలో ముందునాటి రాత్రి జరిగినట్లుండును. గడియారము ఏ దేశపు కాలమును చూపుచున్నదో తెలుపు స్థానము ఎగ్జిఫ్ చీటిలో 2016 వరకు లేనే లేదు. ఆ సంవత్సరపు కూర్పులో దానిని చేర్చిరి.

ఇక మారు ప్రతుల మాట. పీటర్ క్రోగ్ అను అమెరికా ఫోటోగ్రాఫరు ప్రచారములోనికి తెచ్చిన సూత్రమొకటి నేడు లోకవ్యాప్తమైనది: మూడు ప్రతులు, రెండు రకముల సాధనములు, ఒకటి ఇంటికి వెలుపల. వినుటకు ఇది ధనికుల విలాసమువలె తోచును గాని లెక్క చూచినచో అట్లు కాదు. బొమ్మ యొక్కంటికి నాలుగు మెగాబైట్ల చొప్పున, ఒక టెరాబైటు డిస్కుపై రెండున్నర లక్షల బొమ్మలు పట్టును. సామాన్య కుటుంబమునకు ఇది చిరకాలము సరిపోవును. కంప్యూటరులో ఒకటి, బయటి డిస్కుపై ఒకటి, క్లౌడులోనో, వేరొక ఊరిలో నున్న ఆడపడుచు ఇంటిలోనో ఒకటి. ఇంతకు మించి అందు విశేషము లేదు.

ఇంటికి వెలుపల ఒకటి యను మాటను గూర్చి కొంత చెప్పవలసియున్నది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ మొదలగు ప్రాంతములు రోజుల తరబడి నీటిలో నిలిచినవి. అట్టి వరదలో కంప్యూటరు బల్లమీద, బయటి డిస్కు దాని క్రింది సొరుగులో ఉన్న ఇంట రెండు ప్రతులు ఒకే గంటలో తడియును. దొంగ వచ్చినను అంతే. రెండింటిని ఒకే సంచిలో వేసికొని పోవును. కావున రెండు డిస్కులు కొని ఒకే బీరువాలో దాచుట సగము పని మాత్రమే. ఆ డిస్కును ఎల్లప్పుడు కంప్యూటరుకు తగిలించి యుంచుటయు మంచిది కాదు. ఫైలులను తాళము వేసి సొమ్ము అడుగు దుష్ట సాఫ్టువేరులు తగిలించియున్న డిస్కును కూడ విడువవు.

క్లౌడు సేవలను గూర్చి జనులలో ఒక భ్రమ యున్నది. ఫోనులోని బొమ్మలు తమంతట తాము పైకి పోవుచున్నవి గనుక మారు ప్రతి యున్నట్లే యని తలతురు. కాని వీనిలో అధికభాగము జతపరచు సేవలు. ఇచట కలిగిన మార్పు అచటను కలుగును. ఫోనులో బొమ్మను తొలగించినచో అచటి ప్రతియు తొలగును. గూగుల్ ఫోటోస్‌లో అట్లు తొలగిన బొమ్మ చెత్తబుట్టలో 60 దినములుండి, పిమ్మట శాశ్వతముగా పోవును. మనుమడు ఆటలో తుడిచిన ఆల్బమును మూడు నెలల తరువాత గమనించువారికి ఆ గడువు చాలదు. నిజమైన మారు ప్రతి మన తప్పును అనుకరింపక నిలువవలెను.

పైగా క్లౌడు నిబంధనలు మారుచుండును. గూగుల్ ఫోటోస్ 2015లో ప్రారంభమైనప్పుడు కొంత కుదించిన బొమ్మలకు పరిమితి లేని ఉచిత స్థలమును ఇచ్చెను. 2021 జూన్ 1 నుండి ఆ సౌకర్యము నిలిచి, క్రొత్త బొమ్మలు ఖాతాలోని 15 గిగాబైట్లలో లెక్కింపబడుచున్నవి. రెండు సంవత్సరములు వాడుకలో లేని వ్యక్తిగత ఖాతాలను, అందలి బొమ్మలతో సహా, తొలగింపవచ్చునని 2023లో ఆ సంస్థ ప్రకటించెను. ఇది వృద్ధులున్న కుటుంబములు శ్రద్ధతో వినవలసిన సంగతి. ఇంటి యజమాని గతించినచో ఆయన ఫోను ఏ మూలనో చార్జింగు లేక పడియుండును, రహస్యపదము ఎవరికిని తెలియదు, రెండేండ్లు గడచును. పాతికేండ్ల బొమ్మలు ఎవరును తుడువకయే తుడుచుకొనిపోవు ప్రమాదమున్నది. ఖాతా నిద్రించినచో ఎవరికి అప్పగింపవలెనో ముందే వ్రాసిపెట్టు ఏర్పాటును 2013 నుండి గూగుల్ కల్పించుచున్నది. సంస్థ పెట్టిన నామధేయము ప్రకారము అది నిష్క్రియ ఖాతా నిర్వాహకము. ఖాతా సెట్టింగులలో వెదకినచో కనబడును. పది నిమిషముల పని.

ప్రతి తీసితిమి సరే, అది మూలముతో అక్షరాల సరిపోయినదని తెలియుట యెట్లు? వేయి బొమ్మలను పక్కపక్కన పెట్టి చూడలేము గదా. దీనికి సాఫ్టువేరులు ఒక లెక్క కట్టును. ఫైలులోని అంకెలనన్నిటిని ఒక నిర్ణీత సూత్రమున నడిపి, చిన్న గుర్తును పుట్టించును. ఎస్‌హెచ్ఎ 256 అను సూత్రము ప్రకారము ఆ గుర్తు, ఫైలు ఎంత పెద్దదైనను, 64 అక్షరములే యుండును. ఫైలులో ఒక్క చుక్క మారినను గుర్తు గుర్తుపట్టరానంతగా మారిపోవును. మూలమునకు, ప్రతికి గుర్తులు ఒకటియైనచో రెండును ఒకటియే. పేర్లు వేరైన నకళ్లను పట్టుకొనుటకును ఇదే ఉపాయము. ఒకే బొమ్మ అయిదు ఫోల్డరులలో చేరియున్న ఇండ్లు తక్కువ లేవు. అయితే ఒక మాట: వాట్సాప్ ద్వారా వచ్చిన కుదించిన ప్రతి ఈ లెక్కకు వేరు ఫైలే. అట్టివానిని పోలికలను బట్టి వెదకు వేరు సాధనము పట్టవలెను, పట్టిన పిమ్మట పెద్ద ఫైలునే ఉంచుకొనవలెను.

ఇప్పుడు సర్దుకొను పని. తేదీ ఫోల్డరులు సగము సమస్యను తీర్చును. మిగిలిన సగము, ఆ బొమ్మలో నున్నవారెవరు అనునది. దీనిని చెప్పుటకు కెమెరాకు శక్తి లేదు, మనుష్యుడు వ్రాయవలెను. వ్రాసినది ఎక్కడ నిలుచును అను ప్రశ్నయే ఈ ప్రసంగమునకు ప్రాణము వంటిది. సాఫ్టువేరులో పేరు వ్రాసినప్పుడు అది రెండు చోట్ల చేరవచ్చును: బొమ్మ ఫైలులోనే, ఎగ్జిఫ్ చీటి పక్కన; లేదా ఆ సాఫ్టువేరు తనకై ఉంచుకొను చిట్టాలో. మొదటిదైనచో బొమ్మ ఎక్కడికి పోయిన పేరు అక్కడికి పోవును. రెండవదైనచో చిట్టా పోయిన నాడు పేర్లును పోవును.

పికాసా కథ దీనికి నిదర్శనము. గూగుల్ 2004లో దానిని కొని జనులకు ఉచితముగా ఇచ్చెను. మన దేశమున కూడ ఎందరో దానితో బొమ్మలను సర్దుకొనిరి. 2009 నుండి అది ముఖములను గుర్తుపట్టుట నేర్చినది. జనులు సాయంకాలములు కూర్చుండి వేలాది ముఖములకు పేర్లు పెట్టిరి. 2016 మార్చిలో గూగుల్ దానిని విరమించెను. బొమ్మ క్రింద వ్రాసిన వివరణ ఫైలులోనే చేరియుండుట వలన అది నేటికిని ఇతర సాఫ్టువేరులలో చదువబడును. కాని కట్టిన ఆల్బములును, ప్రత్యేకముగ కోరనిచో ముఖముల పేర్లును దాని సొంత చిట్టాలలో, కంటికి కనబడని ఫైలులలో నుండెడివి. కంప్యూటరు మార్చినప్పుడు ఆ ఫైలులను వెంట తీసికొని పోవలెనని తెలియనివారి శ్రమ వ్యర్థమైనది. యాపిల్ సంస్థ 2005లో ఆరంభించిన ఆపెర్చర్ కూడ పదేండ్లకే ముగిసెను. పెద్ద సంస్థ గనుక నిలుచునను ధీమాకు ఆధారము లేదు.

లైట్‌రూమ్ వాడువారు మరియొక సంగతి గమనింపవలెను. అది అప్పుడప్పుడు బ్యాకప్పు తీసికొందునా అని అడుగును. సరే యన్నవారు బొమ్మలకు రక్షణ కలిగినదని సంతసింతురు. అది ప్రతి తీయునది తన చిట్టాకు మాత్రమే, బొమ్మలకు కాదు. బొమ్మలను వేరుగ కాపాడుకొనవలెను. అట్లే గూగుల్ ఫోటోస్ నుండి బొమ్మలన్నిటిని ఒక్కసారి దింపుకొనువారికి, అచట సవరించిన తేదీలు, వివరణలు బొమ్మలోపల గాక పక్కన వేరు ఫైలులుగా వచ్చును. వానిని చెత్తయని తుడువరాదు.

ఫైలులోనే వ్రాయుటకు ఎక్స్‌ఎంపీ అను ప్రమాణము కలదు. అడోబ్ సంస్థ 2001లో దానిని ఏర్పరచెను. సాఫ్టువేరు సెట్టింగులలో వివరములను ఫైలులోనికి వ్రాయుము అను అర్థము గల మాట ఎక్కడనో యుండును. డిజికామ్‌లో ఉన్నది, లైట్‌రూమ్‌లో ఉన్నది. దానిని ముందుగా తెరచి, ఆ పిమ్మటనే పేర్లు పెట్టుట మొదలిడవలెను. ఎక్స్‌ఎంపీలో తెలుగు లిపి నిరాటంకముగా నిలుచును. తెలుగున వ్రాయవలెనా, ఇంగ్లీషు అక్షరములలో వ్రాయవలెనా అని సందేహించువారికి మా సలహా, రెండింటిలోను వ్రాయుడని. ఇంగ్లీషు అక్షరములలో సుబ్బమ్మకు ఒక్కొక్కరు ఒక్కొక్క తీరున వ్రాయుదురు. తెలుగున సుబ్బమ్మ ఒక్కతే. అయితే విదేశములలో పెరుగుచున్న మునిమనుమలు తెలుగు అక్షరములతో వెదకలేకపోవచ్చును.

పేర్లు పెట్టుటలో మన ఇండ్లకు ప్రత్యేకమైన చిక్కులున్నవి. తాతయ్య అని వ్రాసినచో ఎవరి తాతయ్య? ఒకరికి తాతయ్య, మరియొకరికి పెదనాన్న, వేరొకరికి మామయ్య. వరుస వ్రాసినవానితోనే ఆ వరుస అర్థము పోవును. కావున ఇంటిపేరుతో సహా పూర్తి పేరు వ్రాయవలెను. అదియు చాలదు, తాత పేరు మనుమనికి పెట్టు ఆచారము వలన ఒకే వెంకట్రామయ్య ఒకే ఇంట మూడు తరములలో నుండవచ్చును. పుట్టిన సంవత్సరమును పేరు పక్కన చేర్చినచో తగవు తీరును. సాఫ్టువేరు ముఖములను గుర్తుపట్టునప్పుడు తల్లిని, అదే వయస్సులోని కూతురిని ఒకరే యనుట మామూలు. ఇంటివారు దానిని చూచి నవ్వుకొందురు గాని, సరిదిద్దకున్నచో అది అట్లే వ్రాసికొనును.

పాత అచ్చు బొమ్మలను స్కాను చేయించినప్పుడు చీటిలో చేరు తేదీ స్కాను చేసిన నాటిది. దానిని మార్చవలెను. సరియైన తేదీ తెలియనిచో 1962 ప్రాంతము అని వివరణలో వ్రాసి, తేదీ స్థానమున 1962 జనవరి 1 ఉంచుట పలువురు అనుసరించు పద్ధతి. బొమ్మ వెనుక ఏమైన వ్రాసియున్నచో ఆ వెనుక భాగమును కూడ స్కాను చేయవలెను. ఇది తరచు మరచుచున్నారు. ఆ బొమ్మలో వెనుక వరుసన నిలుచున్నవారిని పేరుపెట్టి చెప్పగలవారు ఇంటికి ఒకరో ఇద్దరో యుందురు, వారికి ఎనుబదియైదేండ్లు. సాఫ్టువేరును వచ్చే సంవత్సరము కొనవచ్చును, డిస్కును ఆ పై సంవత్సరము కొనవచ్చును. ఆమెను కంప్యూటరు ముందు కూర్చుండబెట్టి, ఒక్కొక్క ముఖమును పెద్దది చేసి చూపి, చెప్పిన పేరును అప్పటికప్పుడు వ్రాసికొను పనిని మాత్రము వాయిదా వేయుటకు వీలులేదు. కన్ను సరిగా ఆననివారికి బొమ్మను తెరనిండ చేసి చూపగలుగుట ఈ సాఫ్టువేరుల వలన కలిగిన నిజమైన ఉపకారము. అచ్చు బొమ్మలో పోల్చలేని తోడికోడలిని తెరమీద ఇట్టే పోల్చుదురు.

కడపటిగా ఒక పరీక్ష. మారు ప్రతి యున్నదని నమ్మియుండుటకును, అది తెరచుకొనుటకును తేడా యున్నది. సంవత్సరమునకు ఒకమారు, ఉగాదికో సంక్రాంతికో పిల్లలందరు ఇంట చేరినప్పుడు, బయటి డిస్కును వేరొక కంప్యూటరుకు తగిలింపవలెను. ఏ సంవత్సరమునుండియైనను పది బొమ్మలను తీసి, తెరచి, తేదీ సరిగా యున్నదా, పేర్లు వచ్చినవా అని చూడవలెను. ఆ కంప్యూటరులో మనము వాడు సాఫ్టువేరు లేకుండుట మరియు మంచిది. పేర్లు ఫైలులో నిలిచినవో చిట్టాలో నిలిచినవో అప్పుడే తేలును. పదింటిలో ఒక్కటి తెరచుకొనకున్నను ఆ డిస్కును నమ్మక, మూలము ఇంకను చేతిలో నుండగనే క్రొత్త డిస్కుపై మరల ప్రతి తీసికొనవలెను.